అక్టోబర్‌ఫెస్ట్‌కు పది మంది కలిసి వెళ్లాలంటే: అపోహలు - వాస్తవాలు

జర్మనీలోని మ్యూనిక్‌లో ఏటా జరిగే బీరు పండగ అక్టోబర్‌ఫెస్ట్‌కు ఇద్దరు వెళ్లడం వేరు, పది మంది వెళ్లడం వేరు. ఇద్దరైతే ఏ బెంచీ చివరో సర్దుకుంటారు. పది మందికి ఒకే చోట కూర్చునే జాగా దొరకడమే అసలు పని. విమానం, వీసా, హోటల్ అన్నీ ఆ పని వెనకాల నడవాల్సినవి. మన గ్రూపులు మాత్రం దీన్ని తలకిందులుగా చేస్తాయి. ముందు ఆఫర్ ఉందని టికెట్లు కొనేస్తారు, తర్వాత హోటల్ వెతుకుతారు, బయల్దేరే వారంలో "ఇంతకీ టేబుల్ ఎక్కడ?" అని వాట్సాప్‌లో మొదలుపెడతారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది.

మన పెళ్లి భోజనాల్లో తినేవాళ్ల కుర్చీ వెనక నిలబడి, వాళ్లెప్పుడు లేస్తారా అని కాచుకోవడం తెలుసుగా? శనివారం మధ్యాహ్నం మ్యూనిక్‌లో బీరు పోసే టెంట్లలో పరిస్థితి అచ్చం అదే. విచిత్రమేమిటంటే ఈ పండగ పుట్టింది కూడా పెళ్లితోనే. 1810 అక్టోబర్ 12న బవేరియా యువరాజు లుడ్విగ్, థెరేసాల పెళ్లి జరిగింది. ఆ సంబరాల్లో భాగంగా ఊరి బయట మైదానంలో గుర్రప్పందేలు పెట్టారు. పెళ్లికూతురి పేరు మీదే ఆ మైదానం టెరేజియన్‌వీజే అయింది. ఊళ్లోవాళ్లు పండగని, మైదానాన్ని కూడా 'వీజ్న్' అంటారు.

అపోహ: పేరులోనే అక్టోబర్ ఉంది కదా, అక్టోబర్‌లో సెలవు పెట్టుకుంటే చాలు.

పండగలో ఎక్కువ రోజులు సెప్టెంబర్‌లోనే పడతాయి. సెప్టెంబర్ 15 తర్వాత వచ్చే శనివారం మొదలై, అక్టోబర్ మొదటి ఆదివారంతో ముగుస్తుంది. ఆ ఆదివారం 1వ తేదీనో 2వ తేదీనో పడితే, జర్మన్ ఐక్యతా దినమైన అక్టోబర్ 3 దాకా పొడిగిస్తారు. ఆ లెక్కన 2026లో సెప్టెంబర్ 19 నుంచి అక్టోబర్ 4 దాకా, 2027లో సెప్టెంబర్ 18 నుంచి అక్టోబర్ 3 దాకా. దసరా సెలవుల్లో వెళ్దామనుకునేవాళ్లు క్యాలెండర్ దగ్గర పెట్టుకోవాలి. 2025లో దసరా, వీజ్న్ కలిసొచ్చాయి. 2026లో దసరా వచ్చేసరికి పండగ ముగిసి రెండు వారాలు దాటుతుంది.

ఏ తేదీలన్నది ఎంత ముఖ్యమో ఏ వారమన్నదీ అంతే ముఖ్యం. మూడు శనివారాలూ, అక్టోబర్ 3వ తేదీ కిటకిటలాడతాయి. 2026లో ఆ 3వ తేదీ శనివారమే పడింది కాబట్టి గ్రూపుతో ఆ రోజు జోలికి పోవద్దు. నడిమి శని, ఆదివారాలు ఇటలీ నుంచి వచ్చేవాళ్లతో నిండిపోతాయి. గ్రూపుకు మంచివి సోమవారం నుంచి బుధవారం దాకా, అదీ మధ్యాహ్నం. మొదటి శనివారం అంటే అందరికీ మోజు. మేయర్ సరిగ్గా పన్నెండింటికి షాటెన్‌హామెల్ టెంట్‌లో పీపాకు కుళాయి దిగ్గొట్టి "ఓ త్సాఫ్ట్ ఇస్!" (పీపాకు కుళాయి పడింది!) అని అరుస్తాడు. అంతవరకూ ఏ టెంట్‌లోనూ చుక్క పొయ్యరు. పొద్దున్నే వెళ్లి చోటు పట్టుకున్నవాళ్లు గంటల తరబడి బీరు లేకుండా బెంచీ మీద కూర్చోవాల్సిందే. ఒక్కసారి చూడదగ్గదే కానీ, పది మందిని కూడగట్టుకుని వెళ్లే రోజు మాత్రం కాదు.

అపోహ: ఎంట్రీ టికెట్ కొనాలి. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, అయిపోకముందే కొనేద్దాం.

మైదానంలోకి వెళ్లడానికి టికెట్ లేదు, టెంట్‌లోకీ లేదు. ప్రవేశం ఉచితం. దక్షిణం వైపున్న పాతకాలపు విభాగం 'ఓయ్‌డె వీజ్న్'కు మాత్రం నాలుగు యూరోల రుసుము ఉంటుంది, అదీ అక్కడే గేటు దగ్గర కట్టొచ్చు. ఆ విభాగాన్ని ప్రతి ఏడాదీ పెట్టరు కాబట్టి ముందే చూసుకోవాలి. 'అక్టోబర్‌ఫెస్ట్ ఎంట్రీ పాస్' అని ఎవరైనా అమ్ముతుంటే, ఊరికే వచ్చేదాన్ని మీకు అంటగడుతున్నారన్నమాటే.

టెంట్‌లో డబ్బుతో ముడిపడింది టేబుల్ రిజర్వేషన్ ఒక్కటే. దాన్ని విడిగా అర్థం చేసుకోవాలి.

అపోహ: టేబుల్ రిజర్వేషన్ అంటే వేల యూరోలు. ఏజెన్సీ ద్వారా తప్ప సామాన్యులకు దొరకదు.

పెద్ద టెంట్లు 14, చిన్నవి ఇరవైకి పైగా. ఒక్కోదాన్ని ఒక్కో యజమాని నడుపుతాడు, ఆయన్నే 'విర్ట్' అంటారు. రిజర్వేషన్ ఇచ్చేది ఆయన ఆఫీసే. నగరపాలక సంస్థకు గానీ, అందరికీ కలిపిన ఏ ఒక్క వెబ్‌సైట్‌కు గానీ ఆ అధికారం లేదు. కాబట్టి మొదటి పని, రెండు మూడు టెంట్లు ఎంచుకుని వాటి సొంత వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టడం.

రిజర్వేషన్‌కు విడిగా ధర ఉండదు. కనీస వినియోగం కింద కూపన్లు కొనాలి. మామూలుగా తలకు రెండు లీటరు మగ్గుల బీరు, ఒక సగం కోడి. 2025లో మగ్గు ధర టెంట్‌ని బట్టి 14.50 నుంచి 15.80 యూరోల దాకా ఉంది. సగం కోడి కూడా కలిపితే తలకు సుమారు 50 యూరోలు, అంటే పది మంది టేబుల్‌కు 500 యూరోల చుట్టుపక్కల. యూరోకు వంద రూపాయలు వేసుకుంటే యాభై వేలు. అది కూడా ఎలాగూ తినే తాగే వాటికి ముందుగా కట్టేది, పైన వేసే రుసుము కాదు. ఏజెన్సీ ఇదే టేబుల్‌కు ఎన్నో రెట్లు చెబుతుంది. చాలా టెంట్ల నిబంధనల ప్రకారం ఇలా లాభానికి చేతులు మార్చిన రిజర్వేషన్ చెల్లదు. గేటు దగ్గర రద్దయితే మీ డబ్బుకు జవాబుదారీ ఎవరూ ఉండరు.

ఇక్కడ గ్రూపులు ఎక్కడ తప్పటడుగు వేస్తాయంటే:

మొదటిది, లెక్క. ఇచ్చేది మొత్తం టేబుల్‌గానే, ఎనిమిది లేదా పది మందికి. మీరు ఏడుగురైతే కూడా పది మంది కూపన్లు కొనాల్సి రావచ్చు. పన్నెండు మంది అయితే రెండు టేబుళ్లు కావాలి, అవి పక్కపక్కనే వస్తాయన్న హామీ ఉండదు. అందుకే గ్రూపును ముందే పదికి కుదించడమో, ఇరవైకి పెంచడమో మంచిది. "ఇంకో ఇద్దరు వస్తామంటున్నారు" అన్న మాట జూలైలో వినిపిస్తే మొహమాటం లేకుండా కాదనాలి.

రెండోది, సమయం. ఎక్కువ టెంట్లు కొత్త సంవత్సరం మొదలయ్యాక దరఖాస్తులు తీసుకుని వసంతకాలంలో ఖరారు చేస్తాయి. శుక్ర, శనివారాల సాయంత్రాలు ఏళ్ల తరబడి వస్తున్న పాత కస్టమర్లకే పోతాయి, వాటి కోసం కొత్తవాళ్లు ఆశ పెట్టుకోవద్దు. మంగళవారం మధ్యాహ్నం అడిగితే మొదటి ప్రయత్నంలోనే దొరకడం అరుదేమీ కాదు. దరఖాస్తులో ఒకే తేదీ రాయకుండా రెండు మూడు తేదీలు, మధ్యాహ్నమైనా పర్లేదన్న మాట రాయండి. మీ మెయిల్ పైకి రావడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు.

మూడోది, కూపన్ల చేరవేత. డబ్బు కట్టాక కూపన్లు, చేతి పట్టీలు పోస్టులో పంపిస్తారు లేదా మ్యూనిక్‌లో ఆఫీసుకొచ్చి తీసుకోమంటారు. విజయవాడ అడ్రసుకు పంపమంటే కుదరకపోవచ్చు. అక్కడ ఉద్యోగమో చదువో చేసుకుంటున్న బంధువో స్నేహితుడో ఉంటే దరఖాస్తు వాళ్ల పేరు మీదే పెట్టించండి. మ్యూనిక్‌లో తెలుగువాళ్లకు కొదవ లేదు.

నాలుగోది, ఆలస్యం. మన 'అయిదింటికి' అంటే అయిదున్నర. అక్కడ అరగంట ఆలస్యమైతే టేబుల్ ఇంకొకరికి ఇచ్చేస్తారు. పది మందీ ఒకేసారి రావాలి కూడా, సగం మంది వచ్చి "మిగతావాళ్లు దారిలో ఉన్నారు" అంటే సర్వర్లు ఒప్పుకోరు. టేబుల్ సమయానికి గంట ముందు మైదానం గేటు దగ్గర ఉండేలా చూసుకోండి.

అపోహ: రిజర్వేషన్ లేకపోతే వెళ్లడమే దండగ.

ఇది ముందుదానికి పూర్తి వ్యతిరేకమైన అపోహ. పెద్ద టెంట్లన్నీ కొంత భాగాన్ని రిజర్వేషన్ లేకుండా వదిలేయాలన్నది నగరపాలక నిబంధన. పైగా టెంట్ల బయట బీర్ గార్డెన్ ఉంటుంది, అక్కడ ముందొచ్చినవాళ్లదే చోటు. మామూలు రోజుల్లో పొద్దున పదింటికి, శని, ఆదివారాల్లో తొమ్మిదింటికి బీరు పోయడం మొదలవుతుంది. సోమ, మంగళవారాల్లో పదకొండు, పన్నెండు మధ్య వెళ్తే పది మందికి కూడా చోటు దొరుకుతుంది. శనివారమైతే తలుపులు తెరవకముందే వరసలో ఉండాలి.

కిటుకులు కొన్ని. పది మంది గుంపుగా తిరిగితే ఎవరూ జరగరు. ముగ్గురు, నలుగురుగా విడిపోయి పక్క పక్క వరసల్లో కూర్చోండి, మధ్యలో వాళ్లు లేచినప్పుడు కలిసిపోవచ్చు. పరాయివాళ్ల టేబుల్ దగ్గర కూర్చోవడం అక్కడ మామూలే, కాకపోతే అడిగి కూర్చోవాలి: "ఇస్ట్ హియర్ నొఖ్ ఫ్రై?" అంటే 'ఇక్కడ ఖాళీగా ఉందా?' అని. రిజర్వ్ చేసిన టేబుళ్ల మీద ఏ సమయం నుంచో రాసిన చీటీ ఉంటుంది. సాయంత్రం అయిదని ఉంటే మధ్యాహ్నమంతా అక్కడ కూర్చోవచ్చు, అయిదింటికి మాత్రం లేవాలి. కర్చీఫ్ వేసి బస్సులో సీటు ఆపినట్టు, ఒక్కడు కూర్చుని తొమ్మిది మందికి ఆపుతానంటే నడవదు.

ఇంకో ముఖ్యమైన సంగతి: కూర్చున్నవాళ్లకే బీరు. నడవల్లో నిలబడితే సర్వర్ మీ వైపు చూడను కూడా చూడదు. హోఫ్‌బ్రాయ్ టెంట్‌లో నిలబడి తాగే భాగం ఒకటి ఉంది, అక్కడ తప్ప ఈ సూత్రానికి మినహాయింపు ఆశించవద్దు. టెంట్ నిండిపోతే తలుపులు మూసేస్తారు, సిగరెట్‌కని బయటికెళ్లినవాడు తిరిగి లోపలికి రాలేకపోవచ్చు. 2025 సెప్టెంబర్ 27న, శనివారం, రద్దీ మితిమీరి మైదానం మొత్తానికే కాసేపు ప్రవేశం ఆపేశారు.

అపోహ: బీరే కదా, మనవాళ్లకు లెక్కా?

గ్రూపు ప్రయాణాలు చెడేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి లెక్క వేసి చూద్దాం. వీజ్న్ కోసం మ్యూనిక్ నగరంలోని ఆరు బ్రూవరీలు మాత్రమే బీరు ఇస్తాయి: ఆగస్టీనర్, హాకర్-ప్షోర్, హోఫ్‌బ్రాయ్, లూవెన్‌బ్రాయ్, పౌలానర్, స్పాటెన్. ఈ పండగ బీరులో ఆల్కహాల్ దాదాపు 6 శాతం. మగ్గును 'మాస్' అంటారు, సరిగ్గా లీటరు. అంటే ఒక మాస్‌లో 60 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్. మన 60 మిల్లీ లార్జ్ పెగ్గులో, 42.8 శాతం విస్కీ అయితే, ఉండేది 26 మిల్లీలీటర్ల లోపే. కాబట్టి ఒక మాస్ రెండు లార్జ్‌ల పైమాటే. కూపన్లతో వచ్చే రెండు మాస్‌లు దాదాపు అయిదు లార్జ్‌లు. మన 650 మిల్లీ స్ట్రాంగ్ బీరు, 8 శాతందైనా, సీసా మొత్తం 52 మిల్లీలీటర్లే.

చేదు తక్కువ, గొంతులో మెత్తగా దిగుతుంది. అందుకే మోసపోతారు. మొదటి మాస్ ఇరవై నిమిషాల్లో ఖాళీ చేసినవాణ్ని మూడో గంటలో మోసుకెళ్లాల్సి వస్తుంది. టెంట్ల వెనక బవేరియా విగ్రహం కింది గడ్డి దిబ్బకు ఊళ్లోవాళ్లు పెట్టుకున్న ముద్దుపేరుకు 'వాంతుల దిబ్బ' అని అర్థం, ఇక మీరే ఊహించుకోండి.

గంటన్నరకు ఒక మాస్ అన్నది ఓర్చుకోగల వేగం. ముందు తిండి, తర్వాత బీరు. మంచింగ్ అని నాలుగు పల్లీలు కాదు, కడుపు నిండే తిండి. మధ్యలో 'రాడ్లర్' తీసుకోవచ్చు, సగం బీరు సగం నిమ్మ సోడా. ఆల్కహాల్ లేని బీరు అన్ని పెద్ద టెంట్లలోనూ అదే మగ్గులో వస్తుంది, పక్కవాడికి తేడా తెలియదు. నీళ్లు అడిగితే సర్వర్ తెస్తుంది కానీ వాటికీ బాగానే డబ్బవుతుంది.

మగ్గు ఖాళీగానే కిలో మూడు వందల గ్రాములు తూగుతుంది. చీర్స్ కొట్టేటప్పుడు పిడి పట్టుకుని, మగ్గు అడుగు భాగం వైపు తగిలించండి. పైఅంచులు తగిలితే గాజు పగిలే ప్రమాదం ఉంది. "ప్రోస్ట్" అంటూ ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, చూపు తప్పిస్తే అమర్యాద. బెంచీ ఎక్కి నిలబడటం అందరూ చేసేదే. టేబుల్ ఎక్కితే సెక్యూరిటీ బయటికి పంపేస్తుంది.

అపోహ: మగ్గు గుర్తుగా తెచ్చుకోవచ్చు, డబ్బు కట్టాం కదా.

మీరు కట్టింది బీరుకే. మగ్గు పట్టుకుని బయటికెళ్తే దొంగతనం కిందే లెక్క. ఏటా పదుల వేల మగ్గులను గేట్ల దగ్గర వెనక్కి లాక్కుంటారు. కావాలంటే మైదానంలోని దుకాణంలో కొనుక్కుని రసీదు దాచుకోండి.

అపోహ: శాకాహారులు ఆకలితో మాడిపోవాల్సిందే. లేదంటే పేరులో 'చీజ్' ఉన్నదేదైనా తినొచ్చు.

రెండు సగాలూ తప్పే. రెండోది ప్రమాదకరం కూడా.

'లేబర్‌కేజ్' అన్నదాంట్లో 'కేజ్' అంటే చీజ్. కానీ ఆ వంటకంలో చీజ్ చుక్క ఉండదు, పంది మాంసం, గొడ్డు మాంసం రుబ్బి రొట్టెలా కాల్చింది. శాకాహారులు పేరు చూసి మోసపోయే మొదటి పదార్థం ఇదే. రెండోది బవేరియా పద్ధతి బంగాళదుంప సలాడ్, చూడటానికి అమాయకంగా ఉంటుంది, మాంసం ఉడికించిన రసం కలపడం అక్కడి ఆనవాయితీ. మూడోది 'క్నూడెల్' అనే ఉండలు. రొట్టెతో చేసినవి ఉంటాయి, లివర్‌తో చేసిన 'లేబర్‌క్నూడెల్' కూడా ఉంటాయి.

ధైర్యంగా తినగలిగినవి: 'కేజ్‌ష్పెట్స్‌లె', మైదా, గుడ్డుతో చేసిన చిన్న నూడుల్స్‌లో చీజ్ కరిగించి పైన వేయించిన ఉల్లిపాయ చల్లుతారు. పుట్టగొడుగుల క్రీమ్ గ్రేవీతో రొట్టె ఉండలు. 'ఒబాట్‌స్డ' అనే చీజ్ ముద్ద, దాంతో పెద్ద ప్రెట్జెల్. తీపికి 'కైజర్‌ష్మార్న్', ముక్కలు చేసిన పాన్‌కేక్. బయట కొట్లలో పంచదార పాకం పట్టిన బాదం పప్పు. గుడ్డు కూడా తినని వాళ్లకు ఎంపిక బాగా తగ్గిపోతుంది, ఎందుకంటే నూడుల్స్‌లోనూ ఉండల్లోనూ గుడ్డు ఉంటుంది. వాళ్లకు ముందుగానే కడుపు నింపి తీసుకురావడం ఉత్తమం. మైదానం మ్యూనిక్ సెంట్రల్ స్టేషన్‌కు నడిచేంత దూరమే, ఆ స్టేషన్ చుట్టుపక్కల ఇండియన్ హోటళ్లు ఉన్నాయి.

గొడ్డు మాంసం, పంది మాంసం తినని మాంసాహారులకు చిక్కేమీ లేదు. 'హెండ్ల్' అంటే నిప్పుల మీద తిప్పుతూ కాల్చిన కోడి, సగం చొప్పున ఇస్తారు. 'ష్టెకర్ల్‌ఫిష్' అంటే పుల్లకు గుచ్చి కాల్చిన చేప. సాసేజ్‌ల్లో మాత్రం ఎక్కువ భాగం పంది మాంసమే. తెల్లగా కనిపించే 'వైస్‌వుర్స్ట్'లో దూడ మాంసం, పంది మాంసం రెండూ ఉంటాయి. 'ఓక్సెన్‌బ్రాటరై' టెంట్ ఎద్దును కాల్చి వడ్డించడానికే పేరుపడింది. పెద్దవాళ్లు గ్రూపులో ఉంటే ఆ టెంట్ ఎంచుకోకండి. రిజర్వేషన్ దరఖాస్తులోనే ఎంతమంది శాకాహారులో రాసి, కోడి కూపన్ బదులు ఏమిస్తారో రాతపూర్వకంగా తెలుసుకోండి.

అపోహ: జర్మనీలో అంతా కార్డే, క్యాష్ ఎందుకు?

టెంట్‌లో ఇప్పటికీ నోట్లదే రాజ్యం. కార్డు తీసుకునే టెంట్లు పెరుగుతున్నాయి కానీ దాన్నే నమ్ముకుని వెళ్లొద్దు. చివర్లో బిల్లు రాదు, మగ్గు టేబుల్ మీద పెట్టగానే డబ్బు ఇవ్వాలి. పది మంది పర్సులు తీసి పది నోట్లు వెతుకుతుంటే, ఒక్క చేత్తో అయిదారు మగ్గులు మోసుకొచ్చిన ఆవిడకు ఒళ్లు మండుతుంది, రెండో రౌండ్‌కు మీ టేబుల్ దగ్గరికి రావడం మానేస్తుంది.

అందుకే ఉమ్మడి సంచీ. తలకు 60 యూరోలు ముందే వసూలు చేసి ఒకరి చేతిలో పెట్టండి, ఆ మనిషి ఆ రోజు తక్కువ తాగేవాడై ఉండాలి. పది మగ్గులు 155 యూరోలైతే 170 ఇచ్చి "ష్టిమ్ట్ జో" అంటే 'చిల్లర ఉంచుకోండి' అని. టిప్ పది శాతం దగ్గర్లో ఉండాలి. మొదటి రౌండ్‌కే మంచి టిప్ ఇస్తే సాయంత్రమంతా మీ మగ్గులు ఎండవు. 200 యూరోల నోట్లు వద్దు, 50లు, 20లు తెచ్చుకోండి. మైదానంలోని ఏటీఎంల దగ్గర వరసా ఉంటుంది, రుసుమూ ఉంటుంది.

అపోహ: మ్యూనిక్‌లోనే దిగాలి, ఎంతైనా సరే.

ఈ రెండు వారాలు నగరంలో గది ధరలు మామూలుకు రెండు మూడు రెట్లు. పది మందికి అయిదు గదులు వేసుకుంటే విమాన టికెట్లను మించిపోతుంది. ఆగ్స్‌బర్గ్ రైల్లో అరగంట నుంచి ముప్పావుగంట. ఫ్రైజింగ్, లాండ్స్‌హూట్, ఇంగోల్‌ష్టాట్, రోజన్‌హైమ్ కూడా రైలు దారిలోనివే. ఎంచుకునే ముందు చూడాల్సింది దూరం కాదు, రాత్రి పదకొండు తర్వాత తిరుగు రైళ్లు ఎన్ని ఉన్నాయన్నది. బీరు పోయడం పదిన్నరకు ఆపేస్తారు, ఎక్కువ టెంట్లు పదకొండున్నరకల్లా మూస్తారు. కాబట్టి 'తెల్లారే దాకా పార్టీ' అన్నదీ అపోహే. ఒక్క కేఫర్ టెంట్ లాంటిది రాత్రి ఒంటిగంట దాకా ఉంటుంది, అందులోకి వెళ్లడం అంత తేలిక కాదు.

ఉచితంగా రద్దు చేసుకునే గదులు ఏడాది ముందే పట్టి ఉంచి, టేబుల్ తేదీ ఖరారయ్యాక సర్దుకోవడం అనుభవజ్ఞులు చేసే పని. నగరంలో తిరగడానికి అయిదుగురు పెద్దల వరకు పనికొచ్చే గ్రూప్ డే టికెట్ ఉంది, పది మందికి రెండు కొంటే సరి. పక్క ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు బవేరియా టికెట్ కూడా అయిదుగురి దాకా పనిచేస్తుంది, కాకపోతే మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది తర్వాతే.

మెట్రోలో 'టెరేజియన్‌వీజే' అనే స్టేషన్ పేరు చూసి అందరూ అక్కడే దిగుతారు. రద్దీ ఎక్కువైతే ఆ స్టేషన్‌ను మూసేస్తుంటారు కూడా. ఒక స్టేషన్ ముందుకెళ్లి ష్వాన్‌తాలర్‌హూహెలో దిగండి, లేదా యూ3, యూ6 లైన్ల మీద గోయెటెప్లాట్స్‌లోనో పోచిష్ట్రాసెలోనో దిగండి. సెంట్రల్ స్టేషన్ నుంచి నడిచినా పావుగంటే.

అపోహ: గ్రూప్ కాబట్టి వీసా అందరికీ కలిపి ఒకటే, టేబుల్ బుకింగ్ చూపిస్తే త్వరగా ఇస్తారు.

వీసా ఎవరిది వారిదే. దరఖాస్తు, వేలిముద్రలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ విడివిడిగా. షెంగెన్ (జర్మనీతో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే వీసా) దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ పెట్టొచ్చు, 15 రోజుల ముందు దాకా మాత్రమే. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. బీరు టేబుల్ కాగితం అడిగే పత్రాల్లో లేదు. సెప్టెంబర్ ప్రయాణానికి మార్చి, ఏప్రిల్‌లోనే హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో అపాయింట్‌మెంట్లు పట్టుకోండి. వేసవిలో ఒక్క రోజున పది స్లాట్లు దొరకవు, కాబట్టి అందరూ కలిసి వెళ్లాలన్న పట్టుదల వదిలేయండి. ఒకరికి వీసా రాకపోతే ఆ కూపన్ల డబ్బు ఎవరు భరించాలన్నది టేబుల్‌కు డబ్బు కట్టకముందే గ్రూపులో తేల్చుకోవాలి. స్నేహాలు చెడేది ఇలాంటి చోటే.

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం ఉంది. అక్కడి నుంచి మ్యూనిక్‌కు రైల్లో మూడున్నర గంటల లోపే. దిగిన రోజే టేబుల్ పెట్టుకోకండి. నిద్రలేమితో తాగే మాస్ రెండు మాస్‌ల పెట్టు.

అపోహ: తోలు నిక్కరు, డిర్న్‌డ్ల్ (ఆడవాళ్ల బవేరియా సంప్రదాయ గౌను) వేసుకోకపోతే రానివ్వరు.

ఎవరూ ఆపరు. జీన్స్, జాకెట్‌తో వెళ్లొచ్చు. వేసుకుంటే బాగుంటుంది, అంతే. అద్దెకిచ్చే దుకాణాలు ఉన్నాయి. డిర్న్‌డ్ల్ ఆప్రన్ ముడి కుడివైపు ఉంటే పెళ్లయిందనో జంట ఉందనో, ఎడమవైపు ఉంటే ఒంటరి అనో చెప్పుకుంటారు. పాటించకపోయినా ఫరవాలేదు కానీ, తెలియక కట్టుకుని "వీళ్లంతా ఎందుకు పలకరిస్తున్నారు" అనుకోవద్దు. చెప్పులు మాత్రం వద్దు, కింద గాజు పెంకులు ఉంటాయి. రాత్రి పది డిగ్రీల కిందికి పోవచ్చు, వాన సరేసరి.

బ్యాగు విషయంలో వాళ్లు చాలా కచ్చితం. మూడు లీటర్లు, 20, 15, 10 సెంటీమీటర్ల కొలతలు దాటిన ఏ సంచీనీ లోపలికి రానివ్వరు. బ్యాక్‌ప్యాక్ అసలే కుదరదు. పది మందిలో ఒక్కడి వీపున సంచీ ఉన్నా పది మందీ గేటు దగ్గర ఆగిపోతారు. గాజు సీసాలు, స్ప్రేలు, చాకులు కూడా నిషేధం.

అపోహ: తాగుబోతుల పండగ, కుటుంబంతో పోయే చోటు కాదు.

సాయంత్రం ఆరు దాకా టెంట్లలో బ్రాస్ బ్యాండే, శబ్దం 85 డెసిబెల్స్ దాటకూడదన్న నియమం 2005 నుంచి ఉంది. కాబట్టి మధ్యాహ్నాలు ప్రశాంతంగానే ఉంటాయి. మంగళవారాలు కుటుంబ దినాలు, రంగులరాట్నాల్లాంటి వాటికి తగ్గింపు ధరలు. ఆరేళ్ల లోపు పిల్లలతో రాత్రి ఎనిమిది తర్వాత టెంట్‌లో ఉండనివ్వరు. పిల్లల బండ్లకు శనివారాల్లో, అక్టోబర్ 3న ప్రవేశం లేదు.

ఆడవాళ్లకు ఇబ్బంది ఎదురైతే, దారి తప్పినా, ఫోన్ పోయినా, షాటెన్‌హామెల్ టెంట్ వెనకున్న సర్వీస్ సెంటర్‌లో 2003 నుంచి నడుస్తున్న ప్రత్యేక సహాయ కేంద్రం ఉంది. పోలీసు, ప్రథమ చికిత్స కూడా అక్కడే. ఈ ఒక్క చోటు గ్రూపులో అందరికీ బయల్దేరేటప్పుడే చూపించాలి.

అపోహ: కారు తీయకపోతే చాలు, ఈ-స్కూటర్ మీద పోవచ్చు.

జర్మనీలో ఈ-స్కూటర్‌కు కారుకున్న మద్యం పరిమితే. రక్తంలో ఆల్కహాల్ వెయ్యి పాళ్లకు 0.5 దాటితే జరిమానా, లైసెన్స్ తాత్కాలికంగా పోతుంది, 1.1 దాటితే క్రిమినల్ కేసు. డెబ్భై కిలోల మగవాడికి ఒక్క మాస్‌తోనే 0.5 దాటొచ్చు. సైకిల్‌కు కూడా 1.6 అనే గీత ఉంది. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు అతిథులను దించడానికని ఈ తప్పు చేస్తే పోయేది వాళ్ల సొంత లైసెన్సే. ఇరవై ఒక్క ఏళ్ల లోపు వాళ్లకూ, కొత్త లైసెన్సు వాళ్లకూ చుక్క కూడా నిషేధం.

అపోహ: మ్యూనిక్ కాకపోతే ఇక పండగే లేదు.

టేబుల్ దొరకలేదా? ష్టుట్‌గార్ట్‌లో దాదాపు అవే రోజుల్లో 'కాన్‌ష్టాటర్ ఫోక్స్‌ఫెస్ట్' జరుగుతుంది, 1818 నుంచి ఉన్నది, అక్కడ కూడా పెద్ద టెంట్లూ లీటరు మగ్గులే. ఆగస్టులో వెళ్లగలిగితే బవేరియాలోనే ష్ట్రౌబింగ్‌లో 'గాయ్‌బోడెన్' పండగ ఉంది. పెంతెకొస్తు రోజుల్లో ఎర్లాంగెన్‌లో 1755 నుంచి 'బెర్గ్‌కిర్ఖ్‌వై' జరుగుతోంది, అక్కడ టెంట్లు ఉండవు, కొండ వాలున చెట్ల కింద బెంచీలు వేస్తారు.

ఎక్కడికెళ్లినా ఫోన్లు పనిచేయకపోవచ్చని అనుకునే బయల్దేరండి, లక్షల మంది ఒకేచోట చేరితే నెట్‌వర్క్ చేతులెత్తేస్తుంది. మ్యూనిక్‌లో అయితే మైదానం అంచున పద్దెనిమిది మీటర్ల పైన లేచి నిలబడ్డ బవేరియా కంచు విగ్రహం ఉంది, 1850లో ప్రతిష్ఠించింది. తప్పిపోయినవాళ్లు ప్రతి గంట మొదట్లో దాని మెట్ల దగ్గరికి రావాలని ముందే చెప్పుకోండి, హోటల్ అడ్రసు కాగితం మీద రాసి అందరి జేబుల్లోనూ పెట్టండి.